నోరు చూసి పళ్లు... ప్యాకేజీ చూసి కాదు

సంక్రాంతి దగ్గరపడితే నల్లగొండ పల్లెల్లో సకినాల సందడి మొదలవుతుంది. బియ్యప్పిండి తడిపి, నువ్వులు, వాము కలిపి, గుడ్డ మీద చుట్లు చుట్లుగా తిప్పి, ఆరాక నూనెలో వేసి తీస్తారు. పిల్లలు కరకరలాడిస్తూ డబ్బా ఖాళీ చేస్తుంటారు. ఇంట్లో పెద్దావిడ మాత్రం సకినాన్ని నాలుగు ముక్కలు చేసి, చాయలో ముంచి, మెత్తబడేదాకా ఎదురుచూస్తుంది. పళ్లు లేకపోతే పండగ రుచి కూడా సగమే మరి!

ఆ సగం రుచిని తిరిగి తెచ్చిస్తామంటూ ఇప్పుడు ఊరూరా ప్రకటనలు కనిపిస్తున్నాయి. 'నోరంతా కొత్త పళ్లు', 'మూడు రోజుల్లో ఫిక్స్‌డ్‌ పళ్లు', 'దంపతులకు ప్రత్యేక ప్యాకేజీ'... ఖర్చు లక్షల్లో. వాయిదాల్లో కూడా కట్టుకోవచ్చట. వీటిలో మంచివి ఉన్నాయి, అవసరం లేనివీ ఉన్నాయి. ఏది ఎవరికి సరిపోతుందో తెలియకపోతే డబ్బుతో పాటు, ఉన్న పళ్లు కూడా పోతాయి.

ఒక ఇల్లు... రెండు నోళ్లు

హైదరాబాద్‌ నుంచి విజయవాడ వెళ్లే రహదారిలో నకిరేకల్‌ దాటాక, సూర్యాపేట రాకముందు కేతేపల్లి వస్తుంది. దాపునే మూసీ ప్రాజెక్టు. అలాంటి ఊళ్లో ఒక ఇంటిని ఊహించుకుందాం. పేర్లు అక్కర్లేదు. ఇలాంటి ఇళ్లు ఈ జిల్లాలో ఎన్నో.

పెద్దాయనకు అరవై ఎనిమిదేళ్లు. చిన్నప్పుడు బోరింగు నీళ్లు తాగి పెరిగిన మనిషి. పళ్లన్నీ గోధుమ రంగు గారలు. వెనక దంతాలు కొన్ని ఊడిపోయాయి, రెండు పుచ్చిపోయి వేళ్లు మాత్రమే మిగిలాయి. ముందు పళ్లు మాత్రం గట్టిగానే ఉన్నాయి. పెద్దావిడకు ఒక్క పన్నూ లేదు. పదేళ్లుగా కట్టుడు పళ్లే. పై సెట్టు బాగానే కూర్చుంటుంది. కింది సెట్టు మాత్రం మాట్లాడితే లేస్తుంది, నమిలితే జరుగుతుంది. తినేటప్పుడు తీసి కొంగున కట్టుకుంటుంది!

మనవరాలి పెళ్లి నాలుగు నెలల్లో ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు ఓ ప్రకటన చూసి ఇద్దరినీ తీసుకెళ్లాడు. అక్కడ చెప్పింది ఒకటే మాట. ఇద్దరికీ పైనా కిందా ఇంప్లాంట్లు వేద్దాం, పెద్దాయన పళ్లన్నీ తీసేద్దాం, పెళ్లి ఫొటోల్లో తెల్లగా మెరిసిపోతారు అని. డబ్బు సరిపోకపోతే రోడ్డు పక్కనున్న జాగలో కొంత అమ్మేద్దామని కొడుకు ఆలోచన.

తిరిగొచ్చేటప్పుడు పెద్దాయన ఒకే మాట అడిగాడు. ''కొడుకా, గట్టిగున్న పళ్లు ఎందుకు పీకుతరు?''

''తెల్లగ లేవు గద నాయినా...''

''తెల్లగ లేకపోతే పీకుడేనా?''

ఈ ప్రశ్నకు జవాబే ఈ వారం సంగతి.

గార వేరు... పుచ్చు వేరు

నల్లగొండ పేరు చెబితే ఫ్లోరైడ్‌ గుర్తుకొస్తుంది. ఈ జిల్లా ఫ్లోరోసిస్‌ గురించి ఎ.హెచ్‌.సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లోనే బ్రిటిష్‌ మెడికల్‌ జర్నల్‌లో అచ్చయింది. నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను తీసేందుకు పటిక, సున్నం కలిపే పద్ధతిని నాగ్‌పూర్‌లోని 'నీరి' శాస్త్రవేత్తలు 1970ల్లో రూపొందించారు. దానికి ప్రపంచమంతా వాడే పేరు 'నల్లగొండ టెక్నిక్‌'. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్‌ దాటకూడదనీ, వేరే నీళ్లు దొరకని చోట కూడా ఒకటిన్నర మించకూడదనీ మన దేశ ప్రమాణాలు చెబుతున్నాయి. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఒకప్పుడు జనం తాగిన నీళ్లు ఈ గీతకు ఎంతో పైన. తర్వాత కృష్ణా నీళ్లు వచ్చాయి, మిషన్‌ భగీరథ నల్లాలు వచ్చాయి. కానీ నల్లా నీళ్లు పాత గారను కడగలేవు.

ఎందుకంటే ఆ గార పైన అంటుకున్నది కాదు. చిన్నతనంలో, అంటే పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ల దాకా, చిగుళ్ల లోపల పళ్ల పైపొర తయారవుతూ ఉంటుంది. ఆ వయసులో ఫ్లోరైడ్‌ ఎక్కువైతే పొర సరిగా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చాక సుద్దలా తెల్ల మచ్చలు, తర్వాత పసుపు, గోధుమ చారలు కనిపిస్తాయి. మరీ ఎక్కువైతే గుంటలు పడతాయి, అంచులు విరుగుతాయి. చూడ్డానికి ఎలా ఉన్నా చాలామందిలో పన్ను వేరు, దాన్ని పట్టుకున్న ఎముక బాగానే ఉంటాయి. మచ్చ పన్ను అందానికి లోటే గానీ, పీకడానికి కారణం కాదు.

దీనికి దారులున్నాయి. లేత మచ్చలకు పైపొరను సన్నగా అరగదీసి మెరుగుపెట్టడం, బ్లీచింగ్‌ చేయడం సరిపోవచ్చు. ముదురు గోధుమ రంగుకు, గుంటలకు పంటి రంగు పదార్థం పూస్తారు, లేదంటే ముందు భాగానికి పలుచని పెంకులాంటి వెనీర్‌ అతికిస్తారు. బాగా విరిగిన వాటికి తొడుగు వేస్తారు. ఇవన్నీ పన్నును ఉంచి చేసేవే.

మరి పళ్లన్నీ తీయాల్సిన సందర్భాలే లేవా? ఉన్నాయి. చిగుళ్ల జబ్బుతో ఎముక కరిగిపోయి పళ్లన్నీ ఊగుతున్నప్పుడు, పుచ్చు చిగురు కిందికి వెళ్లిపోయి తొడుగు వేసేందుకు కూడా ఏమీ మిగలనప్పుడు, చీము పదేపదే పడుతున్నప్పుడు తీయడమే మేలు. అయితే ఒక్కో పన్నుకు ఒక్కో కారణం ఉండాలి. ''అన్నీ తీసేద్దాం'' అన్నప్పుడు ''ఈ పన్ను ఎందుకు, ఆ పన్ను ఎందుకు?'' అని ఎక్స్‌రే ముందు పెట్టుకుని అడగొచ్చు. అడగాలి కూడా.

మరో సంగతి. సొంత పన్ను చుట్టూ ఎముకకూ వేరుకూ మధ్య సన్నని నారల పొర ఉంటుంది. అన్నంలో చిన్న రాయి తగిలినా వెంటనే తెలిసేది దానివల్లే. ఇంప్లాంటుకు ఆ పొర ఉండదు. ఎంత ఖరీదైనదైనా అది సొంత పంటి తర్వాతే!

టైటానియం ఎముకలో కలిసిపోయిన కథ

అలాగని ఇంప్లాంటును తక్కువ చేయక్కర్లేదు. పళ్లు పోయినవారికి అది పెద్ద వరమే. దాని పుట్టుక కూడా విచిత్రం. 1952లో స్వీడన్‌ శాస్త్రవేత్త పెర్‌ ఇంగ్వర్‌ బ్రానెమార్క్‌ ఎముకలో రక్తం ఎలా ప్రవహిస్తుందో చూడటానికి కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న పరికరం అమర్చాడు. పరిశోధన అయ్యాక తీయబోతే రాలేదు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో గోథెన్‌బర్గ్‌లో మొదటిసారి ఒక మనిషి కింది దవడలో టైటానియం ఇంప్లాంట్లు వేశాడు. ఆ రోగి 2006లో చనిపోయేదాకా అవి పనిచేస్తూనే ఉన్నాయి. 1982లో టొరంటోలో జరిగిన సదస్సుతో ప్రపంచ దంతవైద్యులు ఈ పద్ధతిని నమ్మారు.

ఇంప్లాంటు అంటే పన్ను కాదు, పంటి వేరుకు బదులు ఎముకలో బిగించే మర లాంటిది. దాని మీద పన్ను నిలబెడతారు. ఎముక దాన్ని పట్టుకోవడానికి మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. కింది దవడ ఎముక గట్టిది కాబట్టి త్వరగా, పై దవడ ఎముక మెత్తన కాబట్టి కాస్త ఆలస్యంగా. సరైన మనిషికి సరిగ్గా వేస్తే పదేళ్ల తర్వాత కూడా నూటికి తొంభైకి పైగా ఇంప్లాంట్లు నిలిచే ఉంటాయి.

ఒక్క పన్నూ లేనివారికి ఎన్ని దారులు?

'నోరంతా ఇంప్లాంట్లు' అంటే ముప్పై రెండు పళ్లకు ముప్పై రెండు మరలు అనుకుంటారు చాలామంది. అక్కర్లేదు. పళ్లు పూర్తిగా పోయినవారికి ప్రధానంగా నాలుగు దారులున్నాయి.

మొదటిది మామూలు కట్టుడు పళ్లు. ఖర్చు తక్కువ, ఆపరేషన్‌ లేదు. పై సెట్టు అంగిలికి గాలి చొరకుండా అతుక్కుంటుంది కాబట్టి చాలామందికి బాగానే నిలుస్తుంది. కింద నాలుక కదులుతుంది, ఆనడానికి చోటు తక్కువ, అందుకే జారుతుంది. పైగా పళ్లు పోయాక దవడ ఎముక ఏటేటా అరుగుతుంది, అదీ కింది దవడే ఎక్కువ. పదేళ్ల కిందటి సెట్టు ఇవాళ వదులవడానికి కారణం ఇదే. ఒక్కోసారి సెట్టు లోపలి భాగాన్ని కొత్తగా అచ్చు తీసి పూత వేయిస్తే చాలు, ఇంప్లాంటు మాటే అక్కర్లేదు.

రెండోది ఇంప్లాంట్ల మీద బిగిసే కట్టుడు పళ్లు. కింది దవడ ముందు భాగంలో రెండు ఇంప్లాంట్లు వేసి, చొక్కాకు టిచ్‌ బటన్‌ ఉన్నట్టు సెట్టును వాటికి నొక్కి పెడతారు. పగలు గట్టిగా ఉంటుంది, రాత్రి తీసి కడుక్కోవచ్చు. 2002లో కెనడాలోని మెక్‌గిల్‌ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు, కింద ఒక్క పన్నూ లేనివారికి మొదట సూచించాల్సింది మామూలు సెట్టు కాదు, ఈ రెండు ఇంప్లాంట్ల సెట్టే అని తేల్చారు. నాలుగో ఆరో కాదు... రెండే! పై దవడకు ఈ పద్ధతి కావాలంటే మాత్రం ఎముక మెత్తన కాబట్టి సాధారణంగా నాలుగు వేస్తారు.

మూడోది తీయడానికి వీల్లేని ఫిక్స్‌డ్‌ పళ్లు. దవడకు నాలుగు, ఆరు... అవసరాన్ని బట్టి అంతకుమించి ఇంప్లాంట్లు వేసి పళ్ల వరసంతా వాటిపై బిగిస్తారు. 'ఆల్‌ ఆన్‌ ఫోర్‌' అని వినిపించేది ఇందులో ఒకటి. పోర్చుగల్‌ దంతవైద్యుడు పాలో మాలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. ముందు రెండు నిలువుగా, వెనక రెండు ఏటవాలుగా వేస్తారు. దాంతో కింద నరానికి, పైన సైనస్‌ గదికి తగలకుండా, ఎముక పొడి నింపే అవసరం చాలావరకు లేకుండా పని అవుతుంది. నమలడంలో, నమ్మకంలో సొంత పళ్లకు దగ్గరగా ఉంటుంది. ఖర్చూ, శుభ్రం చేసే పనీ ఎక్కువ.

నాలుగోది పై దవడ ఎముక పూర్తిగా అరిగిపోయినవారికి చెంప ఎముకలో బిగించే పొడవాటి ఇంప్లాంట్లు. ఇది పెద్ద పని. బాగా అనుభవమున్న సర్జన్‌ చేతిలోనే జరగాలి. మామూలు దారులన్నీ మూసుకుపోయాకే దీని గురించి ఆలోచించాలి.

'మూడు రోజుల్లో పళ్లు' నిజమేనా?

ఇంప్లాంటు వేసినప్పుడే ఎముకలో గట్టిగా బిగిస్తే, అదే రోజు గానీ, రెండు మూడు రోజుల్లో గానీ పళ్లు పెట్టే పద్ధతి ఉంది. ఇందులో మోసం లేదు. కాకపోతే చెప్పాల్సిన మాట ఇంకోటి ఉంది. మామూలు ఇంప్లాంట్లలో ఆ పళ్లు తాత్కాలికమైనవి. ఎముక కలిసేదాకా మెత్తని తిండే తినాలి. అసలు పళ్లు కొన్ని నెలల తర్వాతే. ఎముక మెత్తగా ఉండి మర గట్టిగా పట్టకపోతే ఆగాల్సిందే. ఎవరి ఎముక ఎలా ఉందో తెరిచి చూడకముందే ''మూడు రోజుల్లో గ్యారంటీ'' అంటే అనుమానించాలి.

దవడ లోతులోని గట్టి ఎముకలో బిగించి మూడు రోజుల్లోనే శాశ్వత పళ్లు పెడతామనే మరో రకం ఇంప్లాంట్ల ప్రకటనలూ వస్తున్నాయి. మామూలు ఇంప్లాంట్లతో పోలిస్తే వాటి మీద చాలా ఏళ్లపాటు సాగిన అధ్యయనాలు తక్కువ. వేయించుకునేవారు ఆ సంగతి తెలిసి ఒప్పుకోవాలి.

పెళ్లి ముహూర్తం ఉందని ఎముక తొందరపడదు!

ఈ జిల్లా పెద్దలకు ప్రత్యేకంగా...

ఫ్లోరైడ్‌ పళ్లకే పరిమితం కాదు. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవారిలో కొందరికి మెడ, వెన్ను, భుజాలు, మోచేతులు బిగుసుకుపోతాయి. ఇంప్లాంట్ల విషయంలో దీన్ని ముందే డాక్టరుకు చెప్పాలి. మూడు కారణాలు.

ఒకటి... గంటల తరబడి కుర్చీలో వెల్లకిలా పడుకోవడం వీరికి కష్టం. పనిని రెండు మూడు విడతలుగా చేయించుకోవాల్సి రావచ్చు. రెండు... ఫ్లోరైడ్‌ పేరుకున్న ఎముక చూడ్డానికి గట్టిగా కనిపించినా పెళుసుగా ఉండొచ్చు. కాబట్టి మామూలు ఎక్స్‌రేతో సరిపెట్టకుండా దవడను మూడు వైపుల నుంచి చూపే సీబీసీటీ స్కాన్‌ చూసే నిర్ణయించాలి. మూడు... అందరూ మరిచేది ఇదే. ఫిక్స్‌డ్‌ పళ్ల కింద చిగురుకూ వరసకూ మధ్య చిన్న బ్రష్‌ దూర్చి రోజూ శుభ్రం చేయాలి. మోచేయి ముడవని మనిషికి, వేళ్లు వంకరపోయిన మనిషికి అది సాధ్యమా? అలాంటివారికి తీసి కడుక్కునే సెట్టే సుఖం. ఖరీదైనది అందరికీ మంచిది కాదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఎవరు ఆగాలి?

షుగర్‌ ఉన్నంత మాత్రాన ఇంప్లాంట్లు వద్దని కాదు. అదుపులో లేని షుగర్‌తో వద్దు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించి, అదుపులోకి వచ్చాకే మొదలుపెట్టాలి. బీడీ, చుట్ట, సిగరెట్‌ తాగేవారిలో ఇంప్లాంట్లు విఫలమయ్యే ప్రమాదం తాగనివారికంటే బాగా ఎక్కువ. లక్షలు పోసి పళ్లు పెట్టించుకుని చుట్ట వదలకపోతే ఏం లాభం? గుట్కా, తంబాకు నమిలే అలవాటున్నవారికి ముందు నోటి క్యాన్సర్‌ పరీక్ష చేయించాలి.

ఎముకలు గుల్లబారకుండా వాడే కొన్ని మందులు, ఇంజెక్షన్ల వల్ల పన్ను పీకాక, ఇంప్లాంటు వేశాక దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. వాడుతున్న, వాడి మానేసిన మందుల చీటీలన్నీ తీసుకెళ్లాలి. మెడకూ దవడకూ రేడియేషన్‌ తీసుకున్నవారు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు తమ డాక్టరు మాట లేనిదే ముందుకెళ్లకూడదు. రక్తం పలుచబడే మాత్రలను సొంతంగా ఆపేయడం అన్నిటికంటే ప్రమాదం. చిగుళ్ల జబ్బు ఉంటే ముందు దాన్ని నయం చేసుకోవాలి. పళ్లను కూల్చిన జబ్బే ఇంప్లాంట్లనూ కూలుస్తుంది.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

మన దేశంలో ఇంప్లాంట్లకు విడిగా ఎండీఎస్‌ శాఖ లేదు. కృత్రిమ దంతాల నిపుణులు, చిగుళ్ల నిపుణులు, నోటి సర్జన్లు శిక్షణ తీసుకుని వీటిని వేస్తారు. శిక్షణ పొందిన బీడీఎస్‌ డాక్టర్లూ వేస్తారు. నోరంతటికీ వేయించుకునేటప్పుడు కృత్రిమ దంతాల నిపుణులు తప్పక ఉండాలి. ఎందుకంటే ముందు పళ్లు ఎక్కడ రావాలో నిర్ణయించి, తర్వాతే మరలు ఎక్కడ వేయాలో చూడాలి. ఇల్లు ప్లాను గీయకుండా పునాది తవ్వితే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

రెండో సలహా తీసుకోవడం మొదటి డాక్టరును అవమానించడం కాదు. దంత వైద్య కళాశాలల ఆస్పత్రుల్లో ఈ మూడు విభాగాలూ ఒకే చోట ఉంటాయి. కేతేపల్లి వారికి అదే రహదారి మీద నార్కట్‌పల్లి దగ్గర శ్రీపురంలో కామినేని దంత వైద్య కళాశాల ఉంది. హైదరాబాద్‌ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. అక్కడే వేయించుకోవాలని కాదు. ఏ పళ్లు ఉంచొచ్చో, ఏ దారి సరిపోతుందో ఒకసారి చూపించుకుంటే చాలు.

దూరం కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇంప్లాంట్లంటే ఒక్కరోజు పని కాదు. స్కాన్‌, ఆపరేషన్‌, కుట్లు, అచ్చులు, బిగింపు, తర్వాత ఆరు నెలలకోసారి పరీక్ష... ఏళ్ల తరబడి సాగే సంబంధం. మర వదులైన ప్రతిసారీ ఊరి నుంచి ఎంత దూరం పోవాలో ముందే చూసుకోవాలి.

డబ్బు కట్టకముందు ఈ ఏడూ అడగండి

1. నా పళ్లలో ఏవి ఉంచొచ్చు? తీసేవాటికి ఒక్కోదానికి కారణం ఏమిటి?

2. నాకు సరిపోయే దారులు ఎన్ని? వాటిలో చౌకదాన్ని ఎందుకు వద్దంటున్నారు?

3. సీబీసీటీ స్కాన్‌లో నా ఎముక ఎంత ఉంది? ఎముక పొడి వేయాల్సి వస్తుందా?

4. మొదట పెట్టే పళ్లు తాత్కాలికమా, శాశ్వతమా? శాశ్వత పళ్లు అక్రిలిక్‌తోనా, జిర్కోనియాతోనా? ఆ ఖర్చు ఇందులోనే ఉందా?

5. ఇంప్లాంటు ఏ కంపెనీది? మన దేశంలో అమ్మేందుకు అనుమతి ఉందా? పదేళ్ల తర్వాత దాని మరలు, విడి భాగాలు దొరుకుతాయా?

6. ఒక ఇంప్లాంటు పట్టకపోతే ఏం చేస్తారు? ఆ ఖర్చు ఎవరిది?

7. రోజూ ఎలా శుభ్రం చేయాలి? ఎన్నాళ్లకోసారి రావాలి? ప్రతిసారీ ఎంత?

జవాబులు కాగితం మీద రాయించుకోండి. ఇంప్లాంటు డబ్బా మీద కంపెనీ పేరు, సైజు, బ్యాచ్‌ నంబరు ఉన్న స్టిక్కరు ఉంటుంది. దాన్ని మీ ఫైల్లో అంటించి ఇమ్మనండి. రేపు ఆ క్లినిక్‌ మూతపడినా, మీరు వేరే ఊరికి మారినా, మరో డాక్టరుకు ఆ స్టిక్కరే తాళంచెవి.

'జీవితకాలం గ్యారంటీ' అనే మాటను మాత్రం మరీ నమ్మకండి. ఇంప్లాంటుకు పుచ్చు పట్టదు నిజమే. కానీ చుట్టూ గార పేరుకుంటే చిగురు వాస్తుంది, ఆ తర్వాత ఎముక కరుగుతుంది. నొప్పి లేకుండానే వదులైపోతుంది. గ్యారంటీ కాగితంలో ఉండదు, రోజూ బ్రష్‌ పట్టే చేతిలో ఉంటుంది.

మళ్లీ ఆ ఇంటికి...

మనం ఊహించుకున్న ఆ కేతేపల్లి ఇంట్లో ఈ ఏడు ప్రశ్నలూ అడిగితే ఏమవుతుంది? పెద్దాయనకు పుచ్చిన రెండు వేళ్లు తీస్తారు. చిగుళ్లు శుభ్రం చేస్తారు. వెనక ఖాళీలకు తీసి పెట్టుకునే చిన్న సెట్టో, స్థోమత ఉంటే రెండు మూడు ఇంప్లాంట్లో సరిపోతాయి. ముందు పళ్ల గుంటలు పూడ్చి పూత వేస్తే పెళ్లి ఫొటోకు ఏ లోటూ ఉండదు. గట్టి పళ్లన్నీ ఆయన నోట్లోనే ఉంటాయి.

పెద్దావిడకు పై సెట్టు కొత్తగా చేయించి, కింద రెండు ఇంప్లాంట్లు వేయిస్తే చాలు. నాలుగు నెలల్లో పెళ్లి కాబట్టి అప్పటికి పని పూర్తవుతుందో లేదో డాక్టరు చెప్పాలి. కాకపోతే పాత సెట్టుకే లోపల మెత్తని పూత వేయించి పెళ్లి గట్టెక్కించొచ్చు. ఇంప్లాంట్లు ఎముకలో కుదురుకున్నాకే కొత్త సెట్టు బిగిస్తారు. ఇద్దరికీ కలిపి పదహారో ఇరవై నాలుగో ఇంప్లాంట్లు అనుకున్న చోట రెండుతో మొదలవుతుంది. రోడ్డు పక్క జాగ జోలికి పోయే అవసరం రాకపోవచ్చు.

''రెండే మరలా? గవి ఆగుతయా?'' అని పెద్దావిడకు అనుమానం రావచ్చు. ఆగుతాయి. రోజూ రాత్రి తీసి కడిగి, ఆ రెండు బుడిపెల చుట్టూ మెత్తని బ్రష్‌తో తోముకుంటే ఏళ్ల తరబడి ఆగుతాయి. వచ్చే సంక్రాంతికి సకినం చాయలో ముంచాలా వద్దా అనేది ఇక ఆమె ఇష్టం.

ఇంకో ఇంట్లో లెక్క వేరుగా ఉండొచ్చు. పళ్లన్నీ ఊగిపోతున్న యాభై ఏళ్ల మనిషికి ఫిక్స్‌డ్‌ పళ్లే సరైనవి కావచ్చు. ఆ ఖర్చు అతనికి దండగ కాదు. ఎముక, వయసు, చేతి సత్తువ, షుగర్‌, సంపాదన, ఊరి నుంచి దూరం... ఇన్ని చూశాకే ఇంప్లాంట్లు ఎన్నో, ఏవో తేలాలి. ప్రకటన చూసి, ముహూర్తం చూసి కాదు.

ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఒక్కమాట అడగండి. ''ఏం తినలేకపోతున్నవ్‌?'' అని. పళ్ల ఎంపిక అక్కడ మొదలుపెడితే దారి తప్పదు.